నాయకుడి దౌర్జన్యం మీ ఫోన్‌లో పడిందా? పోస్టు నొక్కే ముందు చేయాల్సిన పనులు

2024 మే 13, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ రోజు. తెనాలిలో క్యూ దాటుకుని లోపలికి వెళ్తున్న ఎమ్మెల్యేను ఓ ఓటరు నిలదీశాడు. ఎమ్మెల్యే చెయ్యి చేసుకున్నారు, ఓటరు తిరిగి చెంప మీద ఒకటిచ్చాడు, మరుక్షణం అనుచరులు ఆ ఓటరు మీద పడ్డారు. కొన్ని సెకన్ల ఆ వీడియో చూస్తుండగానే దేశమంతా తిరిగింది. పోలింగ్ అయ్యేదాకా ఎమ్మెల్యేను గృహనిర్బంధంలో ఉంచమని ఎన్నికల సంఘం ఆ రోజే ఆదేశించింది.

అదే రోజు పల్నాడు జిల్లా పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో మాచర్ల ఎమ్మెల్యే లోపలికొచ్చి ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టడం గదిలోని వెబ్ కెమెరాలో రికార్డయింది. ఆ దృశ్యం జనం కంటపడింది మాత్రం మే 21న. ఎనిమిది రోజులు! అది సోషల్ మీడియాలోకి వచ్చాక గానీ ఎన్నికల సంఘం గట్టిగా కదల్లేదు. అరెస్టు జూన్ 26న జరిగింది.

రెండూ ఒకే రోజు, ఒకే ఎన్నిక. మొదటి వీడియో జనం చేతిలో ఉంది, రెండోది ఆఫీసు సిస్టంలో ఉండిపోయింది. తేడా అక్కడే వచ్చింది. అయితే జనం చేతిలోని వీడియోకు వేగం ఎంత ఎక్కువో, దాన్ని జాగ్రత్త చేసే ఓపిక అంత తక్కువ. "అది మార్ఫింగ్" అని అవతలివాళ్లు ఒక్క మాట అంటే చాలు, తీసినవాడి దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. మీ వీడియోకు ఆ గతి పట్టకుండా ఏం చేయాలో చెబుతాను. ఇది లాయరు సలహాకు బదులు కాదు. మీ మీద కేసు పడే సూచన కనిపిస్తే ముందు లాయరును కలవండి.

తీస్తున్నప్పుడు

ఫోన్‌లో మామూలు కెమెరాతోనే తీయండి. ఇన్‌స్టా స్టోరీలోనో, ఫిల్టర్ యాప్‌లోనో తీస్తే ఒరిజినల్ ఫైలు అనేదే మీకు మిగలకపోవచ్చు. జూమ్ జోలికి పోకండి, చెయ్యి కదలనివ్వకండి. ముఖం ఒక్కటే పట్టుకోకుండా ఒకసారి చుట్టూ తిప్పండి: పోలింగ్ కేంద్రం నంబరు, ఆఫీసు బోర్డు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు పేరు, కారు నంబరు ప్లేటు. రేపు "అది మా ఊరే కాదు" అన్నవాడికి ఆ కిరాణా కొట్టు బోర్డే జవాబు చెబుతుంది. వీలైతే తేదీ, టైము, ఊరి పేరు నోటితో ఒకసారి చెప్పండి. ఆ తర్వాత నోరు కట్టుకోండి. "చూడండి ఫ్రెండ్స్, వీడి బలుపు చూడండి" అని వెనకనుంచి మీ గొంతు వినబడితే మీరు సాక్షి స్థానం నుంచి జారి గొడవలో ఒక పక్షం అయిపోతారు.

చెంపదెబ్బ ఒక్కటే ఉన్న ఆరు సెకన్ల క్లిప్పు పోస్టుకు బాగుంటుంది, విచారణకు పనికిరాదు. అంతకుముందు ఎవరు ఏమన్నారన్నదే అధికారి అడిగే మొదటి ప్రశ్న. గొడవ మొదలవుతుందనిపించగానే రికార్డింగ్ మొదలుపెట్టండి, అంతా సద్దుమణిగేదాకా ఆపకండి.

పోలీసును బహిరంగ ప్రదేశంలో వీడియో తీయడం దానంతటదే నేరం కాదు. అడ్డం పడటం నేరం. విధులకు ఆటంకం కలిగించారన్న కేసు చాలా తేలిగ్గా పెట్టేస్తారు కాబట్టి పది అడుగుల దూరంలో, దారికి అడ్డం లేకుండా నిలబడండి. పోలీసు స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రదేశం కాదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2022లో చెప్పింది. మిలిటరీ, రక్షణ సంస్థల ఆవరణల సంగతి వేరు, అక్కడ ఫోన్ తీయకండి.

ఇక ఫోన్ లాక్కునే భయం. ఛత్తీస్‌గఢ్‌లోని సూరజ్‌పూర్‌లో 2021 మే 22న, కరోనా లాక్‌డౌన్ వేళ, రోడ్డు మీద ఆపిన ఓ కుర్రాడి ఫోన్‌ను జిల్లా కలెక్టరే తీసుకుని నేలకేసి కొట్టి, చెంప మీద కొట్టారు. పక్కనున్న పోలీసులకూ కొట్టమని చెప్పారు. ఆ కుర్రాడి ఫోన్ పగిలింది, ఇంకొకరి ఫోన్ పగల్లేదు. ఆ రెండో ఫోన్ వల్లే మర్నాటికి కలెక్టర్ పదవి పోయింది. ఇద్దరున్నప్పుడు ఒకరు ముందు, ఒకరు దూరంగా వెనక ఉండండి. ఒంటరిగా ఉంటే గ్యాలరీ బ్యాకప్ మొబైల్ డేటా మీద కూడా జరిగేలా సెట్టింగ్ ముందే మార్చి పెట్టుకోండి. ఫేస్‌బుక్ లైవ్ పెడితే ఫోన్ పగిలినా వీడియో ఉంటుంది గానీ, దెబ్బలు తిన్న మనిషి ముఖాన్ని దాచే అవకాశం పోతుంది. నేనైతే ప్రాణభయం ఉన్నప్పుడు తప్ప లైవ్ వద్దంటాను.

తీసిన గంటలోపు

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. వీడియో తీయగానే వాట్సాప్ గ్రూపులో వేస్తారు. వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. ఎప్పుడు తీశారు, ఏ ఫోన్‌తో తీశారు అనే లోపలి వివరాలు పోతాయి. అది నాలుగు గ్రూపులు తిరిగి, ఎవరో దాన్ని రెండో ఫోన్‌తో తీసి, ఇంకెవరో పాటో లోగోనో అతికించి పంపాక తిరిగి మీకే వస్తుంది. అప్పటికి అది ఎవరి వీడియోనో ఎవరికీ తెలియదు.

2022 ఆగస్టులో అప్పటి హిందూపురం ఎంపీదంటూ ఒక వీడియో కాల్ దృశ్యం రాష్ట్రమంతా తిరిగింది. అది మార్ఫింగ్ అన్నారు ఆయన. అప్పటి అనంతపురం ఎస్పీ విలేకరుల ముందుకొచ్చి చెప్పిన మాట గుర్తుంచుకోదగ్గది: బయట తిరుగుతున్నది ఒరిజినల్ కాదు, స్క్రీన్ మీద ఆడుతున్న వీడియోను మళ్లీ తీసిన వీడియో, కాబట్టి అది అసలుదో నకిలీదో తేల్చలేం. నిజానిజాలు ఏమైనా కానీ, ఒరిజినల్ ఫైలు లేకపోవడంతో వాదన అక్కడే ఆగింది. ఆ తర్వాత రెండు పార్టీలూ ల్యాబ్ రిపోర్టుల మీద కొట్టుకున్నాయి.

అందుకని వరసగా ఇవి చేయండి. ఒరిజినల్‌ను కత్తిరించకండి, రొటేట్ కూడా చేయకండి. ఎడిటింగ్ ఏదైనా కాపీ మీద చేయాలి. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఒక కాపీ, క్లౌడ్‌లోకి ఒక కాపీ తీసుకోండి. ఎవరికైనా వాట్సాప్‌లోనే పంపక తప్పకపోతే గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

తర్వాత ఆ ఫైలుకు హ్యాష్ తీసి పెట్టుకోండి. ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. ఫైలును వాటికి చూపిస్తే 64 అక్షరాలు, అంకెల వరస ఒకటి వస్తుంది, దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256 అంటారు. ఫైలులో ఒక్క ఫ్రేము మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. దాన్ని అదే రోజు మీ ఈమెయిల్‌కే మీరు పంపుకోండి. రేపు మీ ఫైలును ఎవరు ప్రశ్నించినా, ఈ తేదీన నా దగ్గరున్నది ఇదే అని చూపించవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 ప్రకారం కోర్టుకు ఎలక్ట్రానిక్ ఆధారం ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం ఆ ఫోన్ లేదా కంప్యూటర్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. హ్యాష్ విలువ రాయడానికి ఆ ఫారంలోనే గడి ఉంది. వీడియో తీసిన ఫోన్‌ను అమ్మేయకండి, రీసెట్ చేయకండి.

ఒక కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి: ఎన్ని గంటలకు, ఎక్కడ నిలబడి తీశారు, ఇంకా ఎవరున్నారు, తొలిసారి ఎవరికి పంపారు. ఆరు నెలల తర్వాత వాంగ్మూలం ఇచ్చేటప్పుడు జ్ఞాపకం కన్నా ఆ కాగితం నయం.

వేరేవాళ్లు పంపిన వీడియో అయితే

"ఎవరు పంపారు?" అని అడుగుతూ వెనక్కి వెళ్లండి. తీసిన మనిషి దాకా చేరలేకపోతే, మీ పేరుతో పోస్టు పెట్టకపోవడమే మంచిది. పాత వీడియోను కొత్తదిగా తిప్పడం మన దగ్గర ఎన్నికలప్పుడల్లా జరిగే తంతు. రెండు మూడు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. ఇదివరకు ఎక్కడైనా వచ్చి ఉంటే తరచుగా దొరుకుతుంది.

మన రాష్ట్రాల వీడియోలకు పనికొచ్చే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. తెలంగాణలో కొత్త బండ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024 మార్చిలో. వీడియోలో టీజీ ప్లేటు కనబడితే అది అంతకు ముందుది కాదు. టీఎస్ ప్లేటు కనబడితే మాత్రం ఏమీ తేలదు, పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఆంధ్రలో ఆఫీసు బోర్డు మీద పల్నాడు, బాపట్ల, అనకాపల్లి లాంటి జిల్లా పేరుంటే 2022 ఏప్రిల్ 4 తర్వాతిదనుకోవచ్చు, కొత్త జిల్లాలు వచ్చింది ఆ రోజే. ఫ్లెక్సీల మీది ఫొటోలు, గోడ మీది ప్రభుత్వ పథకం పేరు, మాట్లాడే యాస కూడా చూడండి. ఫ్లెక్సీలతో ఇంతమాత్రం ఉపయోగమైనా ఉంది.

ప్రసంగాల క్లిప్పులైతే పూర్తి ప్రసంగం వినకుండా ముట్టుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో రిజర్వేషన్ల మీద అమిత్ షా ప్రసంగాన్ని కత్తిరించి, అన్ని రిజర్వేషన్లూ తీసేస్తామన్నట్టు వినబడేలా తిప్పారు. కేసు ఢిల్లీ పోలీసులది, నోటీసులు హైదరాబాద్‌లోని గాంధీభవన్ దాకా వచ్చాయి, తెలంగాణ కాంగ్రెస్ సోషల్ మీడియా విభాగం వాళ్లు అరెస్టయ్యారు. ఇక 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం అతికించిన లిఫ్ట్ వీడియో గుర్తుందా? దాన్ని నెమ్మదిగా ఆడిస్తే మొదట్లో అసలు మనిషి ముఖం ఒక్క క్షణం కనబడి రష్మిక ముఖంగా మారిపోతుంది. ఇప్పటి నకిలీలు అంత తేలిగ్గా దొరకవు. ఆడియో క్లిప్పు ఒక్కటే ఉంటే ఇంకా అనుమానించండి, గొంతు తయారు చేయడం ముఖం కన్నా సులువు.

నిజం మన వైపే ఉన్నా ఒక్క నకిలీ బొమ్మ మొత్తం పాడు చేస్తుంది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి భూముల్లో బుల్డోజర్లు తిరగడం నిజం, పనులు ఆపమని సుప్రీంకోర్టు చెప్పడమూ నిజం. ఆ మధ్యలో ఏఐతో చేసిన జింకల, నెమళ్ల బొమ్మలు కలిసిపోవడంతో ప్రభుత్వానికి మాట్లాడటానికి వేరే విషయం దొరికింది. అలాంటి బొమ్మను రీపోస్టు చేసినందుకు ఒక ఐఏఎస్ అధికారిణికే పోలీసు నోటీసు వెళ్లింది.

ముందు ఫిర్యాదు, తర్వాత పోస్టు

లంచం అడుగుతుంటే వీడియో పోస్టు చేయడం చివరి పని. ముందు ఏసీబీకి చెప్పండి, తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబరు 1064. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా దర్యాప్తు సంస్థకు చెబితేనే రక్షణ. ముందే చెప్పి, వాళ్ల పథకం ప్రకారం ఇస్తే ఏ ఇబ్బందీ లేదు. "నేను పోయిన నెల ఐదు వేలిచ్చాను చూడండి" అని పోస్టు పెట్టడమంటే సంతకం పెట్టి మరీ నేరం ఒప్పుకోవడం. పైగా పోస్టు చూడగానే ఆ అధికారి జాగ్రత్త పడతాడు, పట్టుకునే అవకాశం పోతుంది.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు డబ్బు, మద్యం పంచుతుంటే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్ తెరిచి అందులోనే ఫొటోనో, రెండు నిమిషాల లోపు వీడియోనో తీయండి. గ్యాలరీలోంచి పాతది ఎక్కించనివ్వదు. స్థలం జీపీఎస్‌తో తనే పట్టుకుంటుంది. పేరు చెప్పకుండానూ పంపవచ్చు. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది వాళ్లు పెట్టుకున్న గడువు.

పోలీసుల మీదైతే ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. కేసు కట్టకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే దారి ఉంది. స్టేషన్ లోపల జరిగిందైతే ఆ రోజు సీసీటీవీ దృశ్యాలు భద్రపరచమని వెంటనే రాయండి. ప్రతి స్టేషన్‌లోనూ కెమెరాలుండాలనీ, రికార్డింగులు దీర్ఘకాలం నిల్వ చేయాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. రెవెన్యూ వాళ్ల మీదైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికో, ఆంధ్రలోని గ్రీవెన్స్‌కో వెళ్లండి. ఎక్కడిచ్చినా రసీదు తీసుకోకుండా కదలకండి. ఆ రసీదే మీ పోస్టుకు వెన్నెముక.

పోస్టు రాయడం

మామూలుగా వచ్చే పోస్టు ఇలా ఉంటుంది: "లంచగొండి తహసీల్దార్ బాగోతం! రైతు రక్తం తాగే రాక్షసుడు! సిగ్గుంటే షేర్ చేయండి!" ఇందులో ఊరు లేదు, తేదీ లేదు, వీడియోలో లేని లంచం ఉంది. పరువునష్టం కేసుకు ఇంతకన్నా ఏం కావాలి.

దాన్నే ఇలా రాయండి: "నిన్న ఉదయం 11.20కి మా మండల తహసీల్దార్ కార్యాలయంలో, పాసుపుస్తకం సవరణ కోసం వచ్చిన రైతును తహసీల్దార్ మెడపట్టి బయటకు నెట్టడం ఈ వీడియోలో కనిపిస్తుంది. అంతకు ముందు ఏం జరిగిందో నేను చూడలేదు. ఈ రోజు కలెక్టరేట్‌లో ఫిర్యాదు ఇచ్చాను. వివరణ కోసం తహసీల్దార్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు." మండలం, తేదీ మీరు నింపుకుంటారు. చల్లగా ఉంది కదూ? ఆ చల్లదనమే దాని బలం. కెమెరా చూసింది రాయండి, మీరు ఊహించింది వదిలేయండి.

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ప్రభుత్వోద్యోగి తన విధుల్లో ప్రవర్తించిన తీరు మీద సదుద్దేశంతో చెప్పే అభిప్రాయానికి అదే సెక్షన్లో మినహాయింపు ఉంది. విధులు అన్నది అసలు మాట. నాయకుడి పడకగది, ఆయన కూతురి పెళ్లి, భార్యాభర్తల తగాదా మీ పోస్టుకు విషయం కావు, ప్రజాధనమో అధికార దుర్వినియోగమో అందులో ఉంటే తప్ప. అశ్లీల దృశ్యమైతే అది ఎవరిదైనా ఫార్వర్డ్ చేసిన మీరే ఐటీ చట్టం కింద ఇరుక్కుంటారు.

దెబ్బలు తిన్న మనిషి ముఖం అడిగి మరీ పెట్టండి, వద్దంటే మసక చేయండి. లైంగిక దాడి బాధితుల వివరాలు, కేసుల్లో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టడం నేరం, పేరు రాయకపోయినా ఊరూ బడీ రాసి గుర్తుపట్టేలా చేసినా సరే.

ఇంకో మాట, మన దగ్గర తప్పక చెప్పుకోవాల్సింది. అధికారి కులం రాయకండి. పార్టీ హ్యాండిళ్లను ట్యాగ్ చేయకండి. ట్యాగ్ చేసిన అరగంటలో మీ వీడియో ఒక పార్టీ లోగోతో, బీజీఎంతో తిరుగుతుంది. అవతలి పార్టీ "వీడు ఫలానా పార్టీ పెయిడ్ బ్యాచ్" అంటుంది. రైతు మెడ సంగతి అందరూ మర్చిపోతారు. విలేకరులకు ఇవ్వండి, ఒక్కరికే కాకుండా ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి. ఒరిజినల్ ఉన్న ఫోన్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

మీరు ప్రభుత్వోద్యోగి అయితే ఆగండి. ప్రవర్తనా నియమావళి మీ మెడ మీద ఉంది. లోపలి అక్రమాలు బయటపెట్టేవాళ్ల కోసం 2014లో చేసిన ఫిర్యాదుదారుల రక్షణ చట్టం అమల్లోకే రాలేదు. లోకాయుక్తకో విజిలెన్స్‌కో రాతపూర్వకంగా వెళ్లడమే మీకు క్షేమం.

పెట్టాక

వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో పోస్టు లింకును భద్రం చేయండి. బెదిరింపులు వస్తే వాటిని పెట్టినవాళ్లు తొలగించే ముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఫోన్‌లో బెదిరిస్తే టైము రాసుకోండి.

పోలీసులు పిలిస్తే రాతపూర్వక నోటీసు అడగండి. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవడమే పద్ధతి. ఫోన్ తీసుకుంటే పంచనామా రాయించుకుని కాపీ అడగండి. ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం సెక్షన్ 66ఏ కింద మీ మీద కేసు అంటే ఆశ్చర్యపోకండి గానీ లొంగకండి. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. కొట్టేశాక కూడా ఆ సెక్షన్ కింద కేసులు పెడుతున్నారని 2021లో అదే కోర్టు విస్తుపోయింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న, మాటలు, రాతల మీద పెట్టే కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడం సముచితమని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. సోషల్ మీడియా పోస్టుల మీద యాంత్రికంగా కేసులు, అరెస్టులు వద్దంటూ అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మీ లాయరుకు ఇవి గుర్తు చేయండి.

పోస్టులో ఏదైనా తప్పని తేలితే గప్‌చుప్‌గా తీసేయొద్దు. అక్కడే సవరణ రాయండి.

వీడియో ఎంత తిరిగినా, చివరికి తేల్చేది కాగితమే. 2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో ప్రిసైడింగ్ అధికారి బ్యాలెట్ల మీద ఏదో గీస్తూ సీసీ కెమెరా వైపు తలెత్తి చూసిన దృశ్యం ఎవరు మర్చిపోతారు? ఎనిమిది ఓట్లు చెల్లవన్నారు, ఫలితం తారుమారైంది. సుప్రీంకోర్టు ఆ వీడియో చూసి ఊరుకోలేదు. ఆ ఎనిమిది బ్యాలెట్లనూ తెప్పించి, వాటి మీది గీతలు పరిశీలించి, ఫిబ్రవరి 20న ఫలితాన్ని తిరగరాసింది. 2024లోనే పుణెలో ప్రొబేషనరీ ఐఏఎస్ పూజా ఖేడ్కర్ కారు మీద బుగ్గ ఫొటోలతో మొదలైన గొడవ సర్టిఫికెట్ల దాకా వెళ్లింది, జులై 31న యూపీఎస్సీ ఆమె అభ్యర్థిత్వాన్నే రద్దు చేసింది. బుగ్గ ఒక్కటే అయితే జరిమానాతో పోయేది.

కాబట్టి రెండు నెలలు పోయాక, జనం ఇంకో వీడియో మీదికి వెళ్లిపోయాక, మీరు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు పది రూపాయలకు మించదు, జవాబుకు గడువు 30 రోజులు. "చర్య తీసుకున్నారా?" అని అడిగితే "తీసుకున్నాం" అని వస్తుంది. సూరజ్‌పూర్ కలెక్టర్ విషయంలో తీసుకున్న చర్య ఏమిటంటే రాజధాని సచివాలయంలో జాయింట్ సెక్రటరీ పోస్టుకు పంపడం. అందుకని విడివిడిగా అడగండి: ఫలానా తేదీ నా ఫిర్యాదు మీద విచారణాధికారి ఎవరు, నివేదిక ఏ తేదీన ఇచ్చారు, నివేదిక కాపీ, ఛార్జిమెమో (ఆరోపణలతో ఆ ఉద్యోగికి ఇచ్చే నోటీసు) ఇచ్చి ఉంటే దాని కాపీ, ఇవ్వకపోతే ఫైలు ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది. జవాబు రాకపోతే గడువు దాటిన 30 రోజుల్లోగా అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. వచ్చిన కాగితం ఏదైనా, పాత పోస్టు కిందే పెట్టండి.